సుంకి ఘాట్ దిగే ముందు

చిరంజీవి బుజ్జమ్మకి, అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మీ నాన్నకి మోకాలి నొప్పి తగ్గింది కానీ తగ్గిందని ఒప్పుకోరు. వానలు విడవడం లేదు, పెరట్లో ఆనపపాదు కుళ్లిపోయింది. పార్వతప్ప మనవడికి అన్నప్రాసన చేశారు. పుస్తకం, పెన్ను అన్నీ పెట్టినా వాడు పాక్కుంటూ వెళ్లి డబ్బులే పట్టుకున్నాడు. అచ్చం వాళ్ల తాతే.

మొన్న చంటోడు వచ్చాడు. నీతో కార్లో కొరాపుట్ దాకా వచ్చానన్నాడు. మాటల్లో మాటగా, బ్రేకు నొక్కినప్పుడల్లా ముందు చక్రం కీచుమంటోందనీ, అదేమిటని అడిగితే నువ్వు పాట సౌండు పెంచావనీ చెప్పాడు. వాడి మాటలు సగమే నమ్మాలి. నేను దాని గురించి అడగడం లేదు. ఆదివారం నుంచి నువ్వు ఫోన్ ఎత్తకపోవడానికి అదే కారణమనీ అనడం లేదు. జయపురంలో సిగ్నల్ ఉండదు, తెలుసు. స్టేటస్‌లు పెట్టడానికి మాత్రం ఉంటుందట.

విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను జాతరకి వస్తానన్నావు కదా. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం. ముందు రోజు తొలేళ్లకే ఇంట్లో ఉండాలి. నీ పట్టు లంగా ఓణీ ఇస్త్రీ చేయించాను. బస్సులో వస్తే నాకు ఏ టెన్షనూ లేదు. కార్లోనే వస్తానంటే కొరాపుట్, సాలూరు మధ్య సుంకి ఘాట్ రోడ్డు దిగాలి, వానాకాలం కూడా.

సాలూరు కొట్లో ఇన్నేళ్లు బ్రేకు సామాను అమ్మాను కాబట్టి చెబుతున్నాను. రాత్రంతా వానలో నిలబెట్టిన కారు పొద్దున్నే తీస్తే చక్రంతో తిరిగే డిస్కు మీద తుప్పు పట్టి కీచుమంటుంది. రెండు మూడు సార్లు బ్రేకు వేస్తే పోతుంది. దానికి భయం లేదు. రోజంతా అరుస్తూనే ఉంటే ఆ డిస్కుని నొక్కి ఆపే ప్యాడ్లు చూపించాలి. ప్యాడు మీద అరిగే పొర, అదే లైనింగు, అయిపోవస్తే డిస్కుకి రాసుకుని అరవాలనే చాలా ప్యాడ్లకి చిన్న రేకుముక్క పెడతారు. అప్పటికీ పట్టించుకోకపోతే గరగర మొదలవుతుంది. అంటే లైనింగు పోయి వెనక ఇనప ప్లేటు డిస్కుని కోస్తున్నట్టు. ప్యాడ్లతో పోయే ఖర్చు డిస్కుల దాకా వస్తుంది. కీచుమందా, గరగరమందా అని చంటోడిని అడిగితే "ఏదో సౌండు పిన్నీ" అన్నాడు. ఇంజనీరింగు చదివాడు మరి.

చక్రం సందుల్లోంచి ఫోన్ లైటు వేసి చూడు. కొత్త ప్యాడుకి లైనింగు 10, 12 మిల్లీమీటర్లు ఉంటుంది. 3కి దిగితే మార్చేయాలి. బయటి ప్యాడు బాగుందని ఊరుకోకు, లోపలిది ముందు అరగచ్చు. చక్రం విప్పించి చూడమను.

చిన్న మావయ్య అంబాసిడర్ సంగతి నీకు చెప్పే ఉంటాను. మళ్లీ విను. పెళ్లయి చిట్టత్తని కొరాపుట్ నుంచి తెస్తున్నాడు. కొత్త పెళ్లికొడుకు, స్టీరింగు ఇంకొకరికి ఇస్తాడా? సుంకి దాటాక పెట్రోలు కలిసొస్తుందని బండిని న్యూట్రల్‌లో వేసి, బ్రేకు మీద కాలు ఆనించి దిగుతున్నాడు. కాలిన వాసన వస్తోందని ముందు చిట్టత్తే అంది. ముందు లారీదిలే అన్నాడు. ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి పెడల్ అడుగుకి అంటుకుపోయింది. ఎలాగో కొండ వైపు కాలవలోకి దింపి ఆపాడు. సారె బుట్టలు తిరగబడ్డాయి. అరిసెలు, చలిమిడి అన్నీ చిట్టత్త పట్టుచీర మీదే. అరగంట పోయాక నొక్కితే పెడల్ గట్టిగా ఉంది. "చూశారా, బ్రేకు బాగానే ఉంది" అని అందరితో వాదన. సాలూరులో డ్రమ్ములు విప్పితే లైనర్లు రివెట్ల దాకా అరిగి, కాలి నున్నగా మెరుస్తున్నాయి. చిట్టత్త ఈ రోజుకీ ఆయన పక్క సీట్లో కూర్చోదు.

పెడల్ తిరిగి రావడంలో వింతేం లేదు. బ్రేకు ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, డాట్ 4 అయితే 230. తేమ చేరాక 140, 155కే మరగచ్చు. ఆవిరి పుడితే మనం నొక్కేది ఆవిరినే, బ్రేకు పడదు. చల్లారితే మళ్లీ మామూలే. అందుకే రెండేళ్లకోసారి ఆయిల్ మార్చాలి. ఏ రకం పోయాలో బండిలో బ్రేకు ఆయిల్ డబ్బా మూత మీదే ఉంటుంది. లెవెల్ తగ్గిందని ఊరికే పోయించెయ్యకు, ప్యాడ్లు అరిగినా తగ్గుతుంది. నువ్వు న్యూట్రల్‌లో దిగవని తెలుసు. అయినా రాస్తున్నాను, ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. బ్రేకు నొక్కి వదులు, కాలు ఆనించి ఉంచకు.

"మనమే మార్చేద్దాం అక్కా" అన్నాడట చంటోడు. వద్దు. ఒక్క జాకీ మీద నిలబెట్టిన బండి దగ్గర వాడు చెయ్యి పెడితే పార్వతప్పకి నేను జవాబు చెప్పుకోలేను. మెకానిక్ దగ్గరికే వెళ్లు, కానీ పక్కన నిలబడు. ఒకవైపే అరిగిందని ఒకవైపే మారుస్తానంటే ఒప్పుకోకు, ముందు చక్రాలు రెండింటికీ పడాలి. ఒకవైపు ఎక్కువ అరిగితే ప్యాడ్లని పట్టి నొక్కే క్యాలిపర్ పిన్నులు బిగుసుకున్నాయేమో చూడమను. క్యాలిపర్‌ని పైపుకి వేలాడదీయనివ్వకు. బ్రేకు వేస్తే పెడల్ అదురుతుంటే డిస్కు కూడా కొలిపించు, ఎంతకి తగ్గకూడదో డిస్కు మీదే కొట్టి ఉంటుంది. పని అయ్యాక బండి కదలకముందే పెడల్ గట్టిపడేదాకా నొక్కాలి, లేకపోతే మొదటిసారి ఉత్తినే కిందికి పోతుంది.

కొత్త ప్యాడ్లు డిస్కుకి కుదురుకోవడానికి రెండు మూడు వందల కిలోమీటర్లు పడుతుంది. ఈలోగా గట్టి బ్రేకులు కొట్టకూడదు. బయల్దేరే రోజు పొద్దున వేయించి అదే మధ్యాహ్నం ఘాట్ ఎక్కితే ఏం లాభం? ఈ వారమే వేయించి నవరంగపూర్ వైపు తిరుగు, అటు రోడ్డు చదును.

దీంతో ఆవకాయ, కందిపొడి పంపుతున్నాను. తడి చెంచా పెట్టకు. రాత్రి పూట ఉత్త మజ్జిగన్నంతో సరిపెట్టకు. డబ్బులు చాలకపోతే చెప్పు, మీ నాన్నతో అనకుండా వేస్తాను. విప్పిన ప్యాడ్లు అక్కడే వదిలెయ్యకు. కవర్లో చుట్టి డిక్కీలో వేసుకురా, ఎంత అరిగాయో ఆయన చూస్తారట. నేనూ చూస్తాను.

మీ అమ్మ