లైపోసక్షన్ ప్రకటనల్లో కనబడని లెక్కలు

సంపాదకుల గారికి,

నమస్కారం. పత్రికల్లో, ఫోన్లలో లైపోసక్షన్ (ఒంట్లో కొవ్వును గొట్టంతో లాగేసే ఆపరేషన్) ప్రకటనలు పెరిగిపోయాయి. 'ఉదయం రండి, సాయంత్రం వెళ్లిపోండి', 'ఒక్క రోజులో బొజ్జ మాయం' అంటారు. పక్కనే 'ముందు', 'తర్వాత' ఫొటోలు రెండు. ఎంత మందు ఎక్కిస్తారు, ఎన్ని లీటర్లు లాగుతారు, మత్తు ఎవరిస్తారు అన్నవి కనబడడం అరుదు. ఈ ఆపరేషన్ ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఆ లెక్కలు తప్పినప్పుడే.

అన్నిటికన్నా ముందు తెలియాల్సింది, ఇది బరువు తగ్గించే ఆపరేషన్ కాదని. చర్మానికీ కండరానికీ మధ్య ఉండే కొవ్వునే గొట్టంతో లాగగలరు. పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు పొట్ట కండరాల గోడకు లోపల ఉంటుంది. గొట్టం అక్కడికి పోకూడదు. పొట్ట గట్టిగా ముందుకు వచ్చి ఉండి, వేళ్లతో పట్టుకుంటే పలచటి మడత మాత్రమే దొరుకుతుంటే, ఆ బొజ్జ దీనితో తగ్గదు. షుగర్ అదుపులోకి వస్తుందన్న ఆశ కూడా పెట్టుకోవద్దు. 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో స్థూలకాయ మహిళల పొట్ట నుంచి దాదాపు 10 కిలోల కొవ్వు తీసి, పది పన్నెండు వారాల తర్వాత పరీక్షించారు. ఇన్సులిన్ పనితీరు గానీ రక్తపోటు గానీ మెరుగుపడలేదు. కాన్పుల తర్వాత వదులైన చర్మం కింది కొవ్వు తీస్తే ఇంకా వేలాడుతుంది. తొడల మీది సొట్టలూ పోవు. బరువు కొన్ని నెలలుగా నిలకడగా ఉండి, చర్మం బిగువుగా ఉండి, ఒకటి రెండు చోట్ల మాత్రమే కొవ్వు మొండికేసినవాళ్లకు మంచి ఫలితం వస్తుంది.

ఇక లెక్కలు. 1987లో జెఫ్రీ క్లైన్ అనే చర్మవైద్యుడు వివరించిన ట్యూమసెంట్ పద్ధతే ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉంది. లీటరు సెలైన్‌లో 500 నుంచి 1000 మిల్లీగ్రాముల లిగ్నోకైన్ (ఆ చోటు తిమ్మిరెక్కించే మత్తుమందు), ఒక మిల్లీగ్రాము దాకా ఎడ్రినలిన్, కొంత సోడియం బైకార్బనేట్ కలిపి, చర్మం ఉబ్బి పాలిపోయేదాకా కొవ్వులోకి ఎక్కిస్తారు. ఎడ్రినలిన్ రక్తనాళాలను ముడిచేస్తుంది. అది పనిచేయడానికి 15-20 నిమిషాలు ఆగాలి. తొందరపడి గొట్టం దింపితే రక్తం ఎక్కువ పోతుంది.

లిగ్నోకైన్‌కు ఒక హద్దు ఉంది. ఈ పద్ధతిలో కిలో శరీర బరువుకు 35 మిల్లీగ్రాములు దాటొద్దని ప్లాస్టిక్ సర్జన్లు ఎక్కువగా పాటిస్తారు. చర్మవైద్యుల మార్గదర్శకాలు 55 దాకా ఒప్పుకుంటాయి. 60 కిలోల మనిషికి 35 చొప్పున లెక్క కడితే 2100 మిల్లీగ్రాములు. లీటరుకు 1000 కలిపితే రెండు లీటర్లకే హద్దు వచ్చేస్తుంది, 500 కలిపితే నాలుగు లీటర్ల దాకా పోవచ్చు. పొట్టకే చాలా భాగం ఖర్చయిపోతుంది. 'ఎలాగూ వచ్చారు కదా, తొడలు, చేతులు కూడా ఈరోజే చేసేద్దాం' అన్నప్పుడు లెక్క తప్పుతుంది. అలా అన్నచోట వెంటనే అడగండి: మొత్తం ఎన్ని మిల్లీగ్రాములు అవుతుంది?

ఈ మందు రక్తంలోకి మెల్లగా చేరుతుంది. అత్యధిక స్థాయికి చేరేది దాదాపు 12 గంటలకు. ఉదయం పదింటికి ఆపరేషన్ అయితే రాత్రి పదింటికన్నమాట. అప్పటికి మనిషి ఇంట్లో, నిద్రలో ఉంటారు. మోతాదు మించితే మొదట పెదాలు, నాలుక తిమ్మిరెక్కుతాయి, నోట్లో లోహపు రుచి, చెవుల్లో హోరు, మాట తడబడడం, కండరాలు అదరడం. ముదిరితే ఫిట్స్ వచ్చి గుండె లయ తప్పుతుంది. దీనికి విరుగుడుగా నరం ద్వారా ఎక్కించే 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (కొవ్వు కలిపిన ద్రవం) సీసా థియేటర్లో ఉందో లేదో అడగడానికి మొహమాటపడొద్దు. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, కీటోకొనజోల్ వంటి మందులు కాలేయం లిగ్నోకైన్‌ను వదిలించుకోకుండా అడ్డుపడతాయి. కాబట్టి వేసుకుంటున్న ప్రతి మాత్రా డాక్టరుకు చెప్పాలి.

లాగిన ద్రవం మొత్తం 5 లీటర్లు దాటితే ఆ రాత్రి ఆస్పత్రిలోనే పరిశీలనలో ఉండాలి. సీసాలో కనబడేదంతా కొవ్వు కాదు, ఎక్కించిన ద్రవమూ కొంత రక్తమూ అందులోనే ఉంటాయి. అందుకని 'ఇన్ని లీటర్ల కొవ్వు తీశాం' అన్న గొప్పలు నాకెప్పుడూ నచ్చవు.

మిగతా ప్రమాదాల్లో కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం ఒకటి. గర్భనిరోధక మాత్రలు, హార్మోన్లు వాడుతున్నవాళ్లు ఇది ముందే చెప్పాలి. మొదటి మూడు రోజుల్లో ఆయాసం, అయోమయం, ఛాతీ మీదో చంకల్లోనో ఎర్రటి చుక్కలు కనిపిస్తే కొవ్వు రక్తంలో కలిసిందని అనుమానించాలి. గుర్తించని హెర్నియా ఉంటే గొట్టం పేగును చిల్లు చేయగలదు. పొట్ట ఆపరేషన్‌కు ముందు బాగా పరీక్షించి, అనుమానం ఉంటే స్కాన్ తీయించాలి. ఆపరేషన్ తర్వాత రోజురోజుకూ పెరిగే కడుపునొప్పి, ఉబ్బరం, జ్వరం ఉంటే నొప్పి మాత్రతో సరిపెట్టొద్దు, ఆస్పత్రికి పోవాలి.

పొగతాగడం కనీసం నాలుగు వారాల ముందు మానాలి. ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు సాధారణంగా ముందే ఆపమంటారు, కానీ గుండెకు స్టెంట్ ఉన్నవాళ్లు గుండె డాక్టరును అడగకుండా సొంతంగా ఆపితే ఇంకో ముప్పు.

మొదటి ఒకటి రెండు రోజులు గాట్ల నుంచి ఎర్రటి నీరు కారుతుంది. అది మామూలే, పక్క మీద పాత తువ్వాలు పరుచుకుంటే చాలు. బిగుతు తొడుగు నాలుగు నుంచి ఆరు వారాలు వేసుకోవాలి. అది మడత పడితే ఆ మడత గాడిలా చర్మం మీద మిగిలిపోగలదు. ఆ సాయంత్రమే లేచి నాలుగడుగులు నడవాలి. మొదటి వారం వాపు వల్ల బరువు పెరిగినట్టు కూడా కనబడుతుంది. అసలు ఆకారం తేలడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఎగుడుదిగుళ్లు సరిచేయించుకోవాలన్నా అప్పటిదాకా ఆగాలి. తీసిన కణాలు తిరిగి రావు గానీ, తిండి అదుపు తప్పితే మిగిలినవి ఉబ్బుతాయి.

ఈ ప్రకటనలు వేసుకునే పత్రికలకు నాదొక విన్నపం. ఆపరేషన్ చేసే డాక్టరు పేరు, అర్హత, రిజిస్ట్రేషన్ నంబరు, విడిగా మత్తు డాక్టరు ఉంటారా, ఐసీయూ ఎక్కడుంది, 'తర్వాత' ఫొటో ఎన్ని నెలలకు తీసింది అన్న వివరాలు లేని ప్రకటనను తీసుకోవద్దు. చేయించుకునేవారు ఇంటికి వెళ్లే ముందు ఒక కాగితం రాయించుకోవాలి. అందులో తమ బరువు, వాడిన లిగ్నోకైన్ మొత్తం, ఎక్కించిన లీటర్లు, లాగిన లీటర్లు ఉండాలి. అర్ధరాత్రి ఫోన్ ఎత్తే డాక్టరు నంబరు కూడా ఉండాలి, రిసెప్షన్ నంబరు సరిపోదు.

ఇట్లు,
ఒక మత్తు వైద్యురాలు