జనం గొంతు లేని రికార్డింగుల గురించి మా ఖాతాదారులకు

గత కార్తిక మాసంలో అమలాపురం చుట్టుపక్కల మేము రికార్డు చేసిన హరికథలు, భజనలు విన్నవారిలో చాలామంది, పాట శుభ్రంగానే ఉన్నా సభ జరిగినట్టు లేదని అన్నారు. అంబాజీపేట వైపు ఒక గుడి కమిటీ పెద్దాయన, "ఆయ్, బాగానే ఉందండీ, కానీ దాసుగారు ఖాళీ గదిలో కూర్చుని కథ చెప్పుకున్నట్టుందండీ" అన్నారు. ఆ తప్పు పూర్తిగా మాదే.

ఆ రికార్డింగును మళ్లీ విన్నాను. దాసుగారు "శ్రీమద్రమారమణ గోవిందో" అని ఆగినప్పుడు పందిరి కింది జనమంతా "హరి" అని అందుకోవడం ఆ రాత్రి నేను చెవులారా విన్నాను. రికార్డింగులో మాత్రం ఆ చోట హార్మోనియం శ్రుతి తప్ప ఏమీ లేదు. వేదిక మీది మైకులన్నిటినీ కలిపే మిక్సర్ పెట్టె నుంచి వచ్చే లైను ఒక్కటే మేము తీసుకోవడమే దీనికి కారణం. గాయకుడి నోటికి నాలుగంగుళాల దూరంలో ఉన్న మైకు ముందున్న జనాన్ని దాదాపు పట్టించుకోదు.

తరువాతి భజనకు తొందరపడి, వేదికకు 35 మీటర్ల దూరంలో, పందిరి చివరి కొబ్బరిచెట్టుకు ఒక మైకు కట్టాము. శబ్దం అంత దూరం చేరడానికి సెకనులో పదో వంతు పడుతుంది కనుక, మిక్సర్ లైను, చెట్టు మైకుల రెండు ట్రాకులూ (విడివిడి రికార్డింగులు) కలిపేసరికి మృదంగం దెబ్బ ప్రతిదీ రెండుసార్లు వినబడింది. చెట్టు మైకు ట్రాకును ఆ మేరకు వెనక్కి జరిపి అది కొంత సరిచేశాము గానీ, చెట్టు పక్కనే ఉన్న జనరేటరు రొదను పూర్తిగా తీయలేకపోయాము.

ఇప్పుడు వేదిక రెండు అంచులలో, జనం వైపు తిప్పి, కార్డియాయిడ్ మైకులు రెండు పెడుతున్నాము. ఈ రకం మైకు వెనుక వైపు శబ్దాన్ని బాగా తక్కువగా తీసుకుంటుంది కనుక వాద్యాల హోరు అందులో అంతగా పడదు. ముందు వరుసలో తాళం వేసే తాతగారు ఒక్కరే వందమంది పెట్టుగా వినబడకుండా వాటిని తలల కంటే బాగా ఎత్తున నిలుపుతాము. గోదావరి గాలికి బొచ్చు తొడుగు వేస్తాము. వీటిని వేరే ట్రాకులలో తీసుకుని, 120 హెర్ట్జ్ కింది గుర్రుమనే శబ్దాన్ని కోసి, పాట సాగుతున్నంతసేపూ తగ్గించి ఉంచి, పాట ముగిసే చోట నెమ్మదిగా పెంచుతాము.

ఈ మైకులకు వేరే రుసుము లేదు. జనరేటరును మాత్రం వేదిక వెనుక, వీలైనంత దూరంగా పెట్టించవలసిందిగా కోరుతున్నాము.

పాత రికార్డింగులకు ఎక్కడివో చప్పట్లు అతికించమని ఇద్దరు ముగ్గురు అడిగారు. అది మేము చేయము. అయితే ఆ రాత్రి మీ వాళ్లెవరైనా ఫోనులో వీడియో తీసి ఉంటే పంపండి. అందులోని జనం గొంతును మా ట్రాకుతో ముక్కముక్కగా సరిపెట్టి, రుసుము లేకుండా తిరిగి ఇస్తాము. అంబాజీపేట పెద్దాయన మనవడి ఫోనులో ఆ "హరి" ఇప్పటికే దొరికింది.