దోర్నాల మేస్త్రి గారికి కృతజ్ఞతలు

నిన్న రాత్రి శ్రీశైలం నుంచి నరసరావుపేట చేరేసరికి పదకొండయింది. ఒళ్ళంతా నొప్పులు, నిద్ర మాత్రం రావడం లేదు. ఇది రాస్తే గానీ వచ్చేలా లేదు.

మా నాన్న రిటైరైన లెక్కల మాస్టారు, 79 ఏళ్ళు. 1988లో కొన్న తెల్ల అంబాసిడర్ మార్క్ 4ని ఇప్పటికీ రోజూ పొద్దున్నే తనే తుడుచుకుంటారు. ఆ బండిలోనే ఇంకొక్కసారి మల్లన్న దర్శనానికి వెళ్ళాలని రెండేళ్ళుగా అడుగుతున్నారు. భయమల్లా ఒకటే, బండి వేడెక్కుతుంది. ఎక్కడికి వెళ్ళినా డిక్కీలో అయిదు లీటర్ల నీళ్ళ డబ్బా ఉండాల్సిందే. ఇద్దరు మెకానిక్‌లకు చూపించాం. ఒకరు ఇంజన్ హెడ్ దింపాలన్నారు, ఇంకొకరు నీళ్ళని చల్లబరిచే రేడియేటరే మార్చాలన్నారు. ఇద్దరూ రేడియేటర్ మూత చేతిలోకి తీసుకుని చూడలేదు.

శనివారం శ్రీశైలం దారిలో దోర్నాల దాటి అడవిలోకి కొంచెం దూరం వెళ్ళామో లేదో ఇంజన్ వేడి చూపే ముల్లు పైకి లేచింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి. ఫోన్‌కి సిగ్నల్ లేదు. అమ్మ చేతిలో కొబ్బరికాయల సంచి, నాన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎలాగో బండిని దోర్నాలకు తిరిగి లాగించుకుని, రోడ్డు పక్క రేకుల షెడ్డు ముందు ఆపాం.

నేను తడిగుడ్డ పెట్టి రేడియేటర్ మూత తిప్పబోతున్నాను. "అమ్మా, చెయ్యి తియ్!" అని లోపలి నుంచి ఒక్క కేక. అరవై దాటిన మనిషి, చేతిలో స్పానర్‌తో పరిగెత్తుకొచ్చారు. ప్రెషర్‌లో ఉన్న నీళ్ళు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయట, మూత తీసిన క్షణంలో ముఖం మీదికి ఎగజిమ్ముతాయట. నన్ను పక్కన కూర్చోబెట్టి, గంట సేపు బండిని ముట్టుకోనివ్వలేదు.

చల్లారాక ఇంజన్ ఆయిల్ చూసే పుల్ల, డిప్‌స్టిక్ తీసి చూశారు. ఆయిల్ పాల రంగుకి తిరగలేదు, అంటే అందులో నీళ్ళు కలవలేదు. నీళ్ళు నింపి స్టార్ట్ చేసి, రేడియేటర్‌లో బుడగలు వస్తున్నాయేమోనని కాసేపు చూశారు. "హెడ్ శుభ్రంగా ఉంది మాస్టారూ. దానికేం కాలేదు" అన్నారు. ఆ ఒక్క మాటకి నాన్న నిలబడ్డ చోటే కూలబడినట్టు కూర్చున్నారు.

తర్వాత సుద్దముక్కతో గోడ మీద బొమ్మ గీశారు. నీళ్ళు బాగా వేడెక్కితే సుమారు నాలుగు శాతం ఉబ్బుతాయి. మా బండిలో ఆ ఉబ్బిన నీళ్ళు రేడియేటర్ మెడ దగ్గరి సన్న గొట్టంలోంచి రోడ్డు మీద పడిపోతాయి. చల్లారాక ఆ ఖాళీలోకి గాలి దూరుతుంది. నాన్న ముప్పై ఏళ్ళకు పైగా డబ్బాతో పోసిన నీళ్ళన్నీ ఇలాగే పోయాయన్నమాట. దానికి తోడు మూతలోని రబ్బరు ఎండి బిగుసుకుపోయింది. ప్రెషర్ నిలవక నీళ్ళు త్వరగా మరిగిపోతున్నాయి. అదే గొట్టాన్ని ఒక బాటిల్‌లోకి పెడితే ఉబ్బిన నీళ్ళు అందులోకి వెళ్తాయి, ఇంజన్ చల్లారాక మళ్ళీ రేడియేటర్‌లోకే వస్తాయి. ఒక చిన్న సీసా లోటు! జీవితమంతా బోర్డు ముందు నిలబడ్డ మా నాన్న, స్టూలు మీద కూర్చుని రెండో బెంచీ పిల్లాడిలా ప్రశ్నలడిగారు. మేస్త్రి గారు ఒక్కదానికీ విసుక్కోలేదు.

షెడ్డు వెనక పడున్న మారుతి 800 నుంచి బాటిల్ తీసి సర్ఫ్‌తో కడిగారు. ఇనుప పట్టీ వంచి, రాపిడి లేకుండా సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, రేడియేటర్ పక్కన బిగించారు. గొట్టం చివర ఎప్పుడూ నీళ్ళలో మునిగే ఉండాలి, లేకపోతే నీళ్ళకి బదులు గాలి పీలుస్తుంది. బాటిల్ మూతకున్న చిన్న రంధ్రం మూసుకుపోకూడదు. రేడియేటర్ మూత కూడా వేరేది కావాలి. కిందా పైనా రెండు రబ్బర్లు, నడుమ వెనక్కి నీళ్ళు రానిచ్చే చిన్న వాల్వు ఉన్నది. దాని మీద ప్రెషర్ అంకె 7 అని ఉండాలి, 13 అని ఉన్నది వేస్తే పాత ఇత్తడి రేడియేటర్ అతుకులు విడిపోతాయని మరీ మరీ చెప్పారు. అది ఆయన దగ్గర లేదు. మార్కాపురానికి ఫోన్ చేశారు, మూత ఎనిమిదింటి బస్సులో వచ్చింది. రేడియేటర్ మెడ దాకా, బాటిల్ సగం దాకా కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) నింపి, బాటిల్ మీద ఆ మట్టానికి గీత గీసి, బండిని ఒక చుట్టు తిప్పి తెచ్చేసరికి బాటిల్‌లో మట్టం రెండు వేళ్ళు పైకి లేచింది. అప్పటికి అడవి గేటు మూసే వేళయింది.

"పని సగమే అయింది మాస్టారూ. పైకెక్కిన నీళ్ళు తెల్లారేసరికి వెనక్కి పోవాలి. అప్పుడే అయినట్టు" అన్నారు. ఆయనకు ఇవ్వాల్సింది ఇచ్చేసి సత్రంలో పడుకున్నాం. న్యాయమైన కూలీ తీసుకున్నారు, చీటీ మీద లెక్క రాసి మరీ.

అయిదున్నరకి నేను బయటికొస్తే మేస్త్రి గారు బండి పక్కన గొంతుక్కూర్చుని ఉన్నారు, చేతిలో టార్చిలైటు. ఎప్పుడొచ్చారో తెలియదు. బానెట్ ఎత్తలేదు. చూశారా అని అడిగితే "మాస్టారు రానీమ్మా. ఆయన బండి కదా, ఆయనే చూడాలి" అన్నారు.

నాన్న వచ్చి వంగి, టార్చి వేసి చూశారు. మట్టం రాత్రి గీసిన గీత మీదికి దిగింది. "తిరిగొచ్చాయమ్మా" అన్నారు నాన్న. నేను సత్రం గోడ వైపు తిరిగి ఏడ్చేశాను. దర్శనం అక్కడే అయిపోయినట్టనిపించింది నాకు.

ఎందుకు ఏడ్చానో కూడా చెప్పాలి. పోయిన నెల ఆర్సీ రెన్యువల్ కోసం నాన్న ఒక ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగారు. ఒకప్పుడు 600 రూపాయలున్న రుసుము 2022 నుంచి ఎన్నో రెట్లు పెరిగింది. కట్టాం, దాని గురించి కాదు నా బాధ. కౌంటర్ దగ్గర ఒకాయన తలెత్తకుండా "ఇంకా ఎందుకండీ ఇది, తుక్కుకి వేసేయండి" అన్నాడు. 2014లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిపోయినప్పుడు కూడా నాన్న అంత చిన్నబోలేదు. పొగ పరీక్షలో పాసై, బ్రేకులు సరిగ్గా ఉండి, అడిగిందల్లా కట్టే మనిషితో మాట్లాడే తీరు అదా? అలాంటి నాన్నని, ముక్కూ మొహం తెలియని మనిషి తెల్లవారకముందే వచ్చి, ఆ బండికి యజమానిగా నిలబెట్టారు.

ఘాట్‌లో ముల్లు సగం దాటలేదు.

మేస్త్రి గారూ, పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. మీ మనవరాలు ఇది చదివి వినిపిస్తానంది. మా నాన్న ఈరోజు పొద్దున కూడా బానెట్ ఎత్తి గీత చూసుకున్నారు.

మా ఆయన రాత్రంతా ఫోన్ పట్టుకునే ఉన్నారు, తమ్ముడు డబ్బు పంపాడు. వాళ్ళకి థాంక్స్ చెప్తే నవ్వుతారు.

అయ్యో, బండిని తాడు కట్టి లాగిన ట్రాలీ ఆటో అబ్బాయిని మర్చిపోయాను, డీజిల్ డబ్బులే తీసుకున్నాడు. అమ్మకి మంచం వేసి మజ్జిగిచ్చిన టీ కొట్టు ఆవిడకి కూడా. మూత పొట్లాన్ని జేబులో పెట్టుకుని, బస్సు దిగి మరీ షెడ్డు దాకా తెచ్చిచ్చిన కండక్టర్ గారికి కూడా.

ఇంకా, ఆ సైకిల్ ట్యూబు షెడ్డులో పనిచేసే కుర్రాడి సొంత సైకిల్‌దట. కొత్త ట్యూబు కొని మార్కాపురం బస్సుకి ఇచ్చి పంపుతున్నాను బాబూ.