ఈస్ట్ ఆక్సిజన్‌ను నేరుగా కొలవదు

సంపాదకునికి,

ఆక్సిజన్ అందకపోతే ఈస్ట్ శ్వాసక్రియ మానేసి కిణ్వనానికి (చక్కెరను ఆల్కహాలుగా మార్చే పనికి) దిగుతుందని సైన్స్ పేజీల్లో తరచూ చదువుతుంటాం. అది సగమే నిజం. గ్లూకోజు దండిగా ఉంటే రొట్టెల తయారీలో వాడే ఈస్ట్, శాకరోమైసిస్ సెరివిసియే, గాలి ధారాళంగా ఆడుతున్నా ఆల్కహాలే చేస్తుంది. దీన్ని క్రాబ్‌ట్రీ ప్రభావం అంటారు. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఏ జన్యువులు తెరుచుకుంటాయి, ఎలా అన్నది ఇంకా ఆసక్తికరం. ఆ సంగతి మాత్రం తెలుగులో దాదాపు రావడం లేదు.

మనిషి కణాల్లో ఈ పనికి హెచ్‌ఐఎఫ్ అనే ప్రోటీన్ ఉంది. ఆ పరిశోధనకే 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈస్ట్‌లో హెచ్‌ఐఎఫ్ లేదు. ఆక్సిజన్ ఖర్చయితే తప్ప తయారుకాని పదార్థాలు ఎంత మిగిలాయో చూసి అది పరిస్థితిని పసిగడుతుంది. మొదటిది హీమ్, అంటే ఇనుము ఉండే ఒక అణువు. హీమ్ అంటుకున్న హాప్1 ప్రోటీన్ రాక్స్1 జన్యువును నడిపిస్తుంది. రాక్స్1 ప్రోటీనేమో టప్1, ఎస్ఎస్ఎన్6 అనే తోడు ప్రోటీన్లను వెంటబెట్టుకుని కొరతకాలపు జన్యువులను అణచి ఉంచుతుంది. ఆక్సిజన్ తగ్గితే హీమ్ తగ్గుతుంది. కొత్త రాక్స్1 తయారుకాదు, పాతది నశిస్తుంది, అణచివేత సడలుతుంది. అప్పుడు జోరందుకునే జన్యువుల్లో హెమ్13 ఒకటి. హీమ్ తయారీలో ఆక్సిజన్ అవసరమైన ఒక మెట్టును నడిపే ఎంజైము దాని నుంచే వస్తుంది. ఎంజైము ఎక్కువగా ఉంటే మిగిలిన కాస్త ఆక్సిజన్‌తోనైనా ఆ మెట్టు నడుస్తుంది. ఇంత పొదుపరి ఏర్పాటు చూస్తే ముచ్చటేస్తుంది.

రెండోది ఎర్గోస్టెరాల్, అంటే ఈస్ట్ కణపొరలో ఉండే స్టెరాల్ (కొలెస్టెరాల్ లాంటి కొవ్వు పదార్థం). దాని ఒక్క అణువుకు 12 ఆక్సిజన్ అణువులు కావాలి. అది తగినంత ఉన్నంతకాలం యూపీసీ2 ప్రోటీన్ కేంద్రకం బయటే ఉంటుంది. తగ్గితే లోపలికి వెళ్లి స్టెరాల్ జన్యువులను మేల్కొలుపుతుంది. అసంతృప్త కొవ్వు ఆమ్లాల సంగతి ఎంజీఏ2 అనే ప్రోటీన్ చూసుకుంటుంది. స్కిజోశాకరోమైసిస్ పోంబే అనే మరో ఈస్ట్ దారి వేరు. అక్కడ ఎస్ఆర్ఈ1 అనే ప్రోటీన్ ప్రధానం, కాబట్టి ఈస్ట్‌లన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు.

ప్రయోగాలు చేసే విద్యార్థులకు రెండు మూడు హెచ్చరికలు. పూర్తిగా ఆక్సిజన్ లేకుండా పెంచాలంటే మాధ్యమంలో లీటరుకు సుమారు 10 మిల్లీగ్రాముల ఎర్గోస్టెరాల్, 420 మిల్లీగ్రాముల ట్వీన్ 80 (ఓలియిక్ ఆమ్లాన్ని అందించే డిటర్జెంట్ లాంటి పదార్థం) కలపాలి. లేకుంటే కొన్ని తరాలకే పెరుగుదల ఆగిపోతుంది. ఎర్గోస్టెరాల్ నీటిలో కరగదు. వేడి ఇథనాల్, ట్వీన్ 80 మిశ్రమంలో కరిగించి పోయాలి. అయితే ట్వీన్‌లోని ఓలియిక్ ఆమ్లం, అసంతృప్త కొవ్వు ఆమ్లాల తయారీకి అవసరమైన ఓఎల్ఈ1 జన్యువును అణచేస్తుంది, అందుకే గాలి తగిలే కంట్రోల్ ఫ్లాస్కులోనూ అదే మోతాదు వేయాలి. నైట్రోజన్ పంపినా సిలికాన్ గొట్టాల గోడల గుండా ఆక్సిజన్ లోపలికి చేరుతుంది. ఆక్సిజన్ ఉనికిని చూపే రంగు సూచిక రెసజురిన్ గులాబీ రంగులో ఉందంటే ఆక్సిజన్ ఇంకా ఉన్నట్టే. శాంపిల్ తీయగానే ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించాలి, ఆలస్యమైతే ఆర్ఎన్ఏ తీరు మారిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువమంది పట్టించుకోనిది స్ట్రెయిన్, అంటే ఒకే జాతిలోని ప్రత్యేక రకం. ప్రయోగశాలల్లో విరివిగా వాడే ఎస్288సి, దాని నుంచి వచ్చిన బీవై4741లలో హాప్1 జన్యువులో టీవై1 అనే జన్యుఖండం చొరబడి ఉంది, దాంతో ఆ ప్రోటీన్ సరిగా పనిచేయదు. హీమ్ దారిని పరిశీలించాలనుకుని ఆ స్ట్రెయిన్ తీసుకుంటే గాలి ఉన్నప్పటికీ లేనప్పటికీ మధ్య రావాల్సిన తేడా తగ్గిపోతుంది. హాప్1 బాగున్న సీఈఎన్.పీకే లాంటి స్ట్రెయిన్ ఎంచుకోవాలి. ఈస్ట్ ఫలితాల గురించి రాసే విలేకరులూ దయచేసి స్ట్రెయిన్ పేరు, మాధ్యమం వివరం ఒక వాక్యంలోనైనా ఇవ్వండి.

– ఒక సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకురాలు