ఎండతో ఇంధనం సరే, అందులో ఏం కలిపారు?

సంపాదకుడికి నమస్కారం.

ఎండ, నీళ్లు, చవకైన పొడి ఉంటే చాలు ఇంధనం రెడీ అన్న తరహా వార్తలు ఈమధ్య తరచూ కనిపిస్తున్నాయి. కార్బన్ నైట్రైడ్, గ్రాఫీన్, కార్బన్ డాట్స్ అన్న కార్బన్ పదార్థాల పేర్లు వాటిలో మార్చి మార్చి వస్తుంటాయి. కెమిస్ట్రీ పాఠాలు చెబుతూ ల్యాబ్‌లో ఈ పొడులతోనే కుస్తీ పడుతున్నవాణ్ణి కాబట్టి ఒక విన్నపం.

ఈ పదార్థాల మీద ఆశ ఉత్తిది కాదు. 1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్ మీద వెలుతురు వేసి నీటిని విడగొట్టి చూపించారు. చిక్కల్లా, దానికి అతినీలలోహిత కిరణాలే కావాలి. ఎండలో వాటి వాటా నూటికి ఐదు పాళ్లకు మించదు. కార్బన్ నైట్రైడ్ మామూలు వెలుతురులోనూ హైడ్రోజన్ ఇస్తుందని 2009లో తేలింది. తయారీ కూడా సులువే. మూత పెట్టిన క్రూసిబుల్‌లో, అంటే వేడికి తట్టుకునే చిన్న గిన్నెలో, యూరియా వేసి 550 డిగ్రీల దగ్గర కాలిస్తే అమ్మోనియా ఘాటు ముక్కుకి కొడుతుంది. చల్లారాక మూత తీస్తే లేత పసుపు పొడి, ఊదితే ఎగిరిపోయేంత తేలిగ్గా.

మరి హైడ్రోజన్ వచ్చిందన్న ప్రయోగాల్లో చాలావాటిలో పొడికి ప్లాటినం అద్దుతారు, నీళ్లలో ట్రైఇథనోలమైన్ లాంటిది కలుపుతారు. వెలుతురు పడ్డప్పుడు ఖర్చయ్యేది ఆ రసాయనమే. నీరు నిజంగా విడిపోతే హైడ్రోజన్‌తో పాటు ఆక్సిజన్ కూడా రావాలి. ఇక్కడ అది రాదు, అంటే జరిగింది సగం పనే. పరిశోధన పత్రంలో ఈ సంగతి దాచరు. వార్తగా మారేసరికి మాత్రం ‘నీటి నుంచి ఇంధనం’ అయిపోతుంది.

కార్బన్ డయాక్సైడ్‌ని ఇంధనంగా మార్చామన్నప్పుడు ఇంకో తిరకాసు. ఆ మార్పు జరిపించే ఉత్ప్రేరకమే, అంటే మన పొడే, కార్బన్ పదార్థం కదా! వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ మనం పంపిన గ్యాస్‌ది కాక, ఆ పొడే కొంచెం కొంచెం అరిగి ఇచ్చిందైతే? కార్బన్-13 (మామూలు కార్బన్ కంటే కాస్త బరువైన రకం) ఉన్న గ్యాస్ పంపి, ఆ 13 తయారైన దాంట్లో కనిపిస్తే తప్ప నేనైతే నమ్మను.

ఈ పొడులు వెలుతురులో రంగునీళ్లను శుద్ధి చేస్తాయన్న వార్తలూ అంతే. ఒకసారి మా విద్యార్థి మిథిలిన్ బ్లూ అనే నీలిరంగు కలిపిన నీళ్ల బీకర్ పట్టుకొచ్చి, ‘‘సార్, అరగంటలో క్లియర్!’’ అన్నాడు. అడుగున చూద్దును కదా, పసుపు పొడి కాస్తా నీలంగా ఉంది. రంగు విరగలేదు, పొడికి అంటుకుంది. లైటు వేసేముందు చీకట్లో అరగంట తిప్పి ఉంటే, వెలుతురు లేకుండానే రంగు పోతోందని ముందే తెలిసేది. వాడి మొహం చూసి తిట్టబుద్ధి కాలేదు, ఆ తప్పు నేనూ చేసినవాణ్ణే.

అందుకే ఇలాంటి వార్త వేసేముందు మీ విలేకరులు నాలుగు సంగతులు అడగాలి. ఆక్సిజన్ కూడా వచ్చిందా? నీళ్లలో ఏం కలిపారు? వాడింది ఎండా, ల్యాబ్‌లో ఎండకు బదులు వేసే జినాన్ లాంపా? ఎన్ని గంటలు పనిచేసింది? 2021లో జపాన్ శాస్త్రవేత్త డొమెన్ బృందం నీటిని విడగొట్టే 100 చదరపు మీటర్ల ప్యానెళ్లను నెలల తరబడి ఆరుబయట నడిపింది. వాళ్లు వాడింది కార్బన్ పొడి కాదు, స్ట్రాన్షియం టైటనేట్. ఎండలోని శక్తిలో హైడ్రోజన్‌గా మారింది మహా అయితే 0.76 శాతం. ఎంత చిన్నదైనా సరే, అలాంటి అంకెని హెడ్డింగ్ కిందే వెయ్యండి.

– ఒక కెమిస్ట్రీ అధ్యాపకుడు