నీ వాచీలో 152

చిట్టీ,

నిన్న నువ్వు పంపిన నీ వాచీ ఫోటో ఇప్పటికి పదిసార్లు చూశాను. తెల్లవారుజామున నాలుగింటిదాకా 60 దగ్గర నెమ్మదిగా నడిచిన గుండె వేగం గీత ఉన్నట్టుండి 152కి లేచింది. అరగంటకి గానీ దిగలేదు. లేచేసరికి నాలుక కొరుక్కుని ఉందన్నావు, ఒళ్లంతా ఎవరో కొట్టినట్టుందన్నావు. "గుండె జబ్బు కూడా వచ్చిందేమోనమ్మా" అని ఏడ్చావు. ఫోన్లో అయితే నువ్వేడుస్తావు, నేను సగంలో ఆపేస్తాను. అందుకే రాస్తున్నాను.

వచ్చింది ఫిట్సే అయ్యుంటుంది. ఫిట్స్ వచ్చిన కాసేపు గుండె అలా పరిగెత్తడం నీ ఒక్కదానికే కాదు, చాలామందికి ఉన్నదే. 100 దాటడం మామూలు, 150 కూడా వింతేం కాదు.

నీ తొమ్మిదో ఏట మొదటిసారి వచ్చినప్పుడు వంటింట్లో గ్రైండర్ తిరుగుతోంది. పక్కింటి పిన్నిగారు తాళాల గుత్తి తెచ్చి నీ గుప్పిట్లో కుక్కుతున్నారు. నేను నీ గుండె మీద చెయ్యి వేశాను. గుప్పిట్లో పట్టుకున్న పిచ్చుక ఎలా కొట్టుకుంటుందో అలా ఉంది. అది ఆగిపోతుందేమోననే నా భయమంతా. నిన్ను పక్కకి తిప్పాలని నాకెవరూ చెప్పలేదు.

పద్నాలుగో ఏట వీడియో ఈఈజీకి, అదే మెదడు కరెంటుని గీతలుగా తీసే పరీక్షకి, ఆసుపత్రిలో మూడు రోజులు ఉంచారు కదా. నీకు తలకి పూసిన జిగురు తప్ప ఏమీ గుర్తుండదు. ఆ తెర మీద మెదడు గీతలన్నిటికీ అడుగున ఒంటరిగా ఒక గీత నడిచేది, అది గుండెది, ఈసీజీ. రెండో రాత్రి నీకు ఫిట్స్ వచ్చింది. మర్నాడు డాక్టరుగారు రికార్డు వెనక్కి తిప్పి చూపించారు. పై గీతలు ఇంకా మామూలుగానే ఉన్నాయి, అడుగు గీతలో ముళ్లు దగ్గరదగ్గరగా పడుతున్నాయి. కొన్ని సెకన్లయ్యాక పైవి చెలరేగాయి. "అయితే గుండెలోనే మొదలవుతోందా?" అన్నాను. "కాదమ్మా, మెదడులోనే. కణత లోపల బాగా లోతున. తల మీది వైర్లకి అందేలోపే గుండెని నడిపే నరాలకి అందింది" అన్నారు. ఆ దగ్గర్లోనే ఇన్సులా అని ఒక మడత ఉంటుందట. గుండె వేగం, బీపీ లాంటివాటిలో దాని చెయ్యి ఉంటుందట.

ఇలా గుండె వేగం పెరగడాన్నే ఆనవాలుగా పట్టుకుని, ఫిట్స్‌ని అడ్డుకోడానికి మెడలో వేగస్ అనే నరానికి తనంతట తానే కరెంటు పంపే యంత్రం కూడా ఉంది. అమెరికాలో 2015లో దానికి అనుమతి ఇచ్చారు. నీ వాచీని మాత్రం అంత నమ్మకు. మెట్లెక్కినా 140 చూపిస్తుంది, చెయ్యి కొట్టుకుంటుంటే తప్పుడు అంకె కూడా చూపిస్తుంది.

కొద్దిమందికి ఇది తిరగబడుతుంది. గుండె నెమ్మదిస్తుంది, ఒక్కోసారి కొన్ని సెకన్లు ఆగుతుంది కూడా. చాలా అరుదు. అందుకే డాక్టరుగారు నన్ను గుచ్చి గుచ్చి అడిగారు: "కట్టెలా బిగుసుకుని పడుతుందా, తడిబట్టలా జారిపోతుందా?" ఫిట్స్ మధ్యలో ఒళ్లు వదిలేసి పాలిపోతే గుండె సంగతి చూడాలట, కొందరికి పేస్‌మేకర్ పెట్టాల్సి వస్తుందట. నీ రికార్డులో అలాంటిది కనపడలేదు.

మనింట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లున్నారా అని కూడా అడిగారు. నాకు మా చిన్న మావయ్య గుర్తొచ్చాడు. కాలవకి అడ్డంగా ఈదేసేవాడు, ఇరవై రెండేళ్లకి ఆ కాలవలోనే మునిగిపోయాడు. అది చెప్పగానే డాక్టరుగారు పెన్ను కింద పెట్టారు. గుండె కరెంటులో లాంగ్ క్యూటీ అనే లోపం ఉన్నవాళ్లు ఈదుతూ ఈదుతూ స్పృహ తప్పొచ్చట. మెదడుకి రక్తం అందక కాళ్లూ చేతులూ కొట్టుకుంటే చూసేవాళ్లకి అచ్చం ఫిట్సే. అప్పటికప్పుడు ఈసీజీ తీయించి, గీతలో క్యూ, టీ అనే గుర్తుల మధ్య దూరం కొలిచి చూశారు. నీది మామూలుగానే ఉంది. ఐదు నిమిషాల పని. అంతకుముందు ఐదేళ్లు మాత్రలు రాసిన చోట ఒక్కసారి తీయలేదు, ఆ కోపం నాకింకా పోలేదు.

నెట్‌లో నిద్రలో పోవడం గురించి చదివానన్నావు. అబద్ధమని చెప్పను. ఫిట్స్ ఉన్న పెద్దవాళ్లలో ఏడాదికి వెయ్యిమందికి ఒకరు అలా పోతారని లెక్క. ఎక్కువగా రాత్రిపూట, ఒళ్లంతా కొట్టుకునే పెద్ద ఫిట్స్ అయ్యాక, పక్కన ఎవరూ లేకుండా, బోర్లా పడి ఉన్నవాళ్లు. ఆసుపత్రుల్లో రికార్డు నడుస్తుండగా పోయినవాళ్ల గీతలు తీసి చూసిన పరిశోధన ఒకటి 2013లో వచ్చింది. అందులో ఊపిరి ముందు ఆగింది, గుండె తర్వాత. కాబట్టి ఆ 152 కన్నా నాకు నువ్వు మానేసే రాత్రి మాత్రంటేనే భయం. శనివారం వేసుకున్నావా? నువ్వు చెప్పలేదు, నేనూ అడగలేదు.

అడిగే మొహం నాకెక్కడిది? హాస్టల్లో చేర్చిన రోజు బస్టాండులో "ఈ సంగతి ఎవరికీ చెప్పకు" అన్నది నేనే. రేపు సంబంధాలు చూస్తే ఎవరి నోటో బయటపడుతుందని. నువ్వు మాట తప్పలేదు. రెండేళ్లుగా మాత్రల డబ్బా బట్టల కింద పెట్టుకుని, పక్కమంచం అమ్మాయి పడుకున్నాక వేసుకుంటున్నావు. ఆమె ఒంటిగంటదాకా చదువుకుంటే నీ మాత్ర కూడా ఒంటిగంటకే. మొన్న ఆ పిల్ల ఊరెళ్లింది. గదిలో ఉన్నా ఏం చెయ్యాలో తెలిసేది కాదు.

ఈ రాత్రే చెప్పు. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు, తాళాలూ వద్దు. టైము చూసుకోవాలి, ఐదు నిమిషాలు దాటితే 108కి చెయ్యాలి. ఆగాక ఊపిరి ఆడుతోందో లేదో చూస్తూ, నీకు పూర్తిగా తెలివి వచ్చేదాకా పక్కనే ఉండాలి. ఆ ఫోటో డిలీట్ చెయ్యకు, డాక్టరుగారికి చూపిద్దాం. గురువారం పొద్దున బండికి నేనూ వస్తున్నాను.

ఆ అమ్మాయి నంబరు నాకు పంపు. నీకు నోరు రాకపోతే నేనే మాట్లాడతాను. దాచమన్నది నేనే కదా.

అమ్మ