నైట్ గార్డ్‌పై ఫిర్యాదు: డబ్బు వాపసు, ప్రకటన సవరణ కోరుతూ

ఫిర్యాదుల అధికారి గారికి,

మీ వెబ్‌సైట్‌లో 799 రూపాయలు పెట్టి కొన్న నైట్ గార్డ్ (నిద్రలో పళ్ల మధ్య పెట్టుకునే తొడుగు) గురించి రాస్తున్నాను. బిల్లు, మీ ప్రకటన స్క్రీన్‌షాట్, డెంటిస్ట్ రాసిచ్చిన చీటీ జత చేశాను.

నాకు నిద్రలో పళ్లు కొరికే అలవాటు ఉంది. కడుపులో నులిపురుగులే కారణమని మా అత్తగారు ఆ మందు కూడా మింగించారు. పొద్దున్నే చెవి ముందు, దవడ కీలు దగ్గర మొదలైన నొప్పి కణతల దాకా లాగేది. అప్పుడే మీ ప్రకటన చూశాను: "పళ్లు కొరకడం, దవడ నొప్పి శాశ్వతంగా మాయం. డాక్టర్‌తో పని లేదు." వేడి నీళ్లలో ముంచి కొరికి పట్టుకుంటే నోటికి తగ్గ అచ్చు పడుతుందన్నారు. మీ వీడియోలో చూపించినట్టే చేశాను.

మీరు పంపింది రబ్బరులాంటి మెత్తటి ముక్క. వెనక పళ్ల మీద మాత్రమే కూర్చుంటుంది. పెట్టుకుని పడుకుంటే రాత్రంతా దాన్నే నమిలేదాన్ని. నొప్పి తగ్గకపోగా, ఆవలిస్తే దవడ టక్కుమనడం మొదలైంది. ఇడ్లీ కూడా చిన్న చిన్న ముక్కలు చేసుకుంటే తప్ప నోట్లోకి వెళ్లలేదు.

డెంటిస్ట్ నా మూడు వేళ్లు ఒకదాని మీద ఒకటి ఉంచి పళ్ల మధ్య పెట్టమన్నారు. మామూలుగా మూడూ పట్టాలట, నాకు రెండే పట్టాయి. గార్డ్ పని పళ్లు అరగకుండా అడ్డుగా ఉండటమే, అలవాటును మాన్పించదు అని చెప్పారు. పళ్లు కొరకడానికి టెన్షన్, నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడటం, డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు, ఇలా ఏదైనా కారణం కావచ్చు. మెత్తటి గార్డ్‌తో కొందరికి నమలడం ఇంకా పెరుగుతుంది. వెనక పళ్లకే ఉండేదాన్ని ఎక్కువ కాలం వాడితే పళ్లు కదిలి, గార్డ్ తీసి నోరు మూసినా వెనక పళ్లు కలవకుండా పోవచ్చు. మీ పెట్టెలోని కాగితంలో దీని గురించి ఒక్క ముక్క లేదు. ఏయే రంగుల్లో దొరుకుతుందో మాత్రం వివరంగా వేశారు.

మీ కస్టమర్ కేర్ వాళ్లు మొదట "వాడుతూ ఉంటే అలవాటవుతుంది మేడమ్" అన్నారు. తర్వాత, నోట్లో పెట్టుకునే వస్తువు కాబట్టి రిటర్న్ లేదన్నారు. వాడిన గార్డ్‌ను మీరు ఇంకొకరికి అమ్మకూడదు, నిజమే. నేను అడుగుతున్నది గార్డ్ వెనక్కి తీసుకోమని కాదు, లేని గుణం ఉందని చెప్పి తీసుకున్న డబ్బు ఇమ్మని. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఇది తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికే వస్తుంది.

నా 799 రూపాయలు వాపసు చేయండి. ప్రకటనలో "శాశ్వతంగా మాయం", "డాక్టర్‌తో పని లేదు" అన్న మాటలు తీసేయండి. దవడ టక్కుమంటున్నవాళ్లు, నోరు పూర్తిగా తెరవలేనివాళ్లు డెంటిస్ట్‌ను అడగకుండా వాడొద్దని పెట్టె మీద తెలుగులో కూడా వేయండి. డెంటిస్ట్ ఫీజు నేను అడగడం లేదు.

2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ఆ గడువు దాటితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

ఇట్లు,
మీ వినియోగదారురాలు